నాలుగు మీటర్ల వాలు: రోమ్ ట్రెవీ ఫౌంటెన్ కేస్ స్టడీ

రోమ్‌లోని ట్రెవీ ఫౌంటెన్ వెడల్పు 49.15 మీటర్లు, ఎత్తు 26.3 మీటర్లు. ఇంత పెద్ద కట్టడంలో నీరు మాత్రం ఎక్కడా ఆకాశంలోకి ఎగరదు. బండల మీద జారుతుంది, అంచుల మీద పొంగుతుంది, కిందున్న తొట్టెలోకి దూకుతుంది. ఆ తొట్టె వీధి మట్టానికి దిగువన ఉంటుంది కాబట్టి చూడవచ్చినవాళ్లు మెట్లు దిగాలి. దీన్ని శిల్పి అభిరుచిగా వర్ణించేవాళ్లు ఎక్కువ. అసలు కారణం మట్టం. ఇరవై కిలోమీటర్ల కాలువకు అవతలి కొసన ఊట దగ్గర బయల్దేరిన నీటికి ఇక్కడికి చేరేసరికి ఉన్న మొత్తం పల్లం దాదాపు నాలుగు మీటర్లే.

ఈ ఫౌంటెన్ చరిత్రను పోప్‌ల పేర్ల వరుసతో చెప్పడం వాడుక. ఇక్కడ మట్టాల లెక్కతో మొదలుపెడుతున్నాం. ఆకారం ఎందుకు అలా వచ్చిందో అందులోనే తెలుస్తుంది. నేటికీ దానికి పట్టే సున్నం, నాచు కూడా ఆ లెక్క నుంచే పుట్టినవి.

ఊట, కాలువ

క్రీ.పూ. 19 జూన్ 9న అగస్టస్ చక్రవర్తి సేనాని మార్కస్ అగ్రిప్పా ఈ నీటిని రోమ్‌లోకి తెచ్చాడు. కాంపస్ మార్షియస్ మైదానంలో తాను కట్టించిన స్నానశాలలకు నీరు కావాలన్నది అవసరం. కాలువ పేరు ఆక్వా విర్గో. దాహంతో ఉన్న సైనికులకు ఒక కన్య ఊట చూపించిందనీ, అందుకే ఆ పేరనీ కథ. నేటి ఇటాలియన్‌లో అది ఆక్వా వెర్జినే.

ఊటలు ఉన్న చోటు సలోనే, కొల్లాతినా రోడ్డు మీద నగరానికి ఎనిమిదో మైలు దగ్గర. అది చిత్తడి నేల. ఒకే పెద్ద ఊట కాకుండా చిన్న చిన్న ఊటలు అనేకం ఉండటంతో, అవన్నీ బురదలో కలిసిపోకుండా చుట్టూ గచ్చు కట్టి నీటిని ఒకచోటికి రాబట్టారు. లాటిన్‌లో దానికి వేరే పేరున్నా పదార్థం మనకు తెలిసిందే: సున్నంలో దంచిన పెంకుల పొడి కలిపి చేసే సుర్కీ గచ్చు. నీటిలో నానుతూనే గట్టిపడుతుంది, పగుళ్లు తక్కువ.

క్రీ.శ. 97లో రోమ్ నీటి సరఫరా అధికారిగా వచ్చిన ఫ్రాంటినస్ ఈ కాలువ కొలతలు రాసిపెట్టాడు. మొత్తం పొడవు 14,105 రోమన్ పేసులు. ఒక పేసు సుమారు 1.48 మీటర్లు కాబట్టి 20.9 కిలోమీటర్లు. అందులో 12,865 పేసులు, అంటే పదింట తొమ్మిది వంతులు, భూమి లోపలే. పైన కనిపించేది 1,240 పేసులు. అందులో 700 కమానుల మీద, మిగతా 540 గట్టులాంటి కట్టడం మీద.

ఇక వాలు సంగతి. ఊట సముద్రమట్టానికి సుమారు 24 మీటర్ల ఎత్తులో ఉంది. నగరంలోకి చేరేసరికి 20 మీటర్లు. అంటే కిలోమీటరుకు 20 సెంటీమీటర్లు, వంద మీటర్లకు రెండు సెంటీమీటర్లు. కాలువకు ఉండాల్సిన కనీస వాలు వంద అడుగులకు అడుగులో నలభై ఎనిమిదో వంతు అని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. లెక్క కడితే 4,800కి 1. విర్గో వాలు 5,000కి 1 చుట్టుపక్కల ఉంది. ఆ కాలం వాళ్లు సాధ్యమనుకున్న హద్దు అంచున నడిచిన కాలువ ఇది.

ఆనాటి మట్టపు పరికరం కోరోబేటిస్. ఇరవై అడుగుల పొడవైన చెక్క బల్ల, కాళ్లకు వేలాడే తూకపు దారాలు, గాలికి దారాలు ఊగితే చూసుకోవడానికి బల్ల పైన నీటి గాడి. ఒక్కో నిలుపుకు చూపు దూరం తక్కువ కాబట్టి ఇరవై కిలోమీటర్లలో వందల నిలుపులు వస్తాయి. ప్రతి నిలుపులోనూ ఒకే వైపు మిల్లీమీటరు తప్పు దొర్లినా చివరికి ఉన్న నాలుగు మీటర్లలో పదుల సెంటీమీటర్లు మాయమవుతాయి. అందుకే తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా బల్లను తిప్పి రెండోసారి చూడటం మట్టం పనిలో తప్పనిసరి. నేటి లెవెలింగ్‌లోనూ ముందుకీ వెనక్కీ చూసే దూరాలు సమానంగా ఉంచేది ఇందుకే.

వాలు తక్కువైతే వచ్చే చిక్కులు మూడు. మొదటిది, నీరు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి బురద కిందికి దిగి పేరుకుంటుంది. దానికి మందు పూడిక తీయడమే. భూగర్భ కాలువకు దారి పొడవునా బావుల్లాంటి దిగుడు గుంతలు తవ్వేది అందుకోసం. రెండోది, నేల కుంగితే సర్దుకునే అవకాశం ఉండదు. ఒకచోట పది సెంటీమీటర్లు కుంగిందంటే అర కిలోమీటరు వాలు పోయినట్టే. పైవైపు నీరు నిలిచి, కాలువ గోడ పైదాకా తడిసి కారుతుంది. మూడోది కొలత కుదరకపోవడం. ఊట దగ్గర నీరు మరీ మెల్లగా వస్తోంది కాబట్టి అక్కడ కొలవలేకపోయాననీ, వేగం కాస్త పెరిగే ఏడో మైలు దగ్గర కొలిచాననీ ఫ్రాంటినస్ స్వయంగా రాశాడు. అక్కడ అతనికి వచ్చిన లెక్క 2,504 క్వినారియాలు. క్వినారియా అంటే ఒక గొట్టం నోటి కొలత. నేటి లెక్కలో ఎంత అన్నది పండితుల మధ్య తెగని పంచాయితీ. తరచూ వాడే అంచనా రోజుకు 40 ఘనమీటర్లు; దాని ప్రకారం లక్ష ఘనమీటర్లు.

ఆ నీటి పంపకం చూస్తే ఆనాటి ప్రాధాన్యాలు తెలుస్తాయి. 200 నగరం బయట వాడకానికి. మిగిలిన 2,304లో చక్రవర్తి పేర 509, ప్రైవేటు వాళ్లకు 338, ప్రజోపయోగానికి 1,457. నగరంలో చేరిన నీటిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ పబ్లిక్ కట్టడాలకూ తొట్లకూ పోయిందన్నమాట.

భూమిలో ఉండటం వల్ల మిగిలింది

537లో గోత్ సైన్యం రోమ్‌ను ముట్టడించి కాలువలను తెంపింది. ఎత్తైన కమానుల మీద నడిచే కాలువకు నాలుగు స్తంభాలు కూల్చితే చాలు, పని అయిపోతుంది. భూమిలో నడిచే విర్గోను అలా చంపడం కష్టం. అదే సొరంగం శత్రువుకు దారి కూడా కావచ్చు. గోత్‌లు ఎండిన కాలువలోంచి దీపాలతో లోపలికి వచ్చి చూశారనీ, పిన్చో ద్వారం దగ్గర పగులులోంచి వెలుగు కనబడితే కాపలావాడి తోటివాళ్లు అది తోడేలు కళ్లు అయి ఉంటాయని తేల్చేశారనీ చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. నేల మట్టానికి దగ్గరగా పోయే ఆ కాలువ విర్గోనే అని సాధారణంగా భావిస్తారు. కాలువలను ముందే గోడ కట్టి మూయించిన సేనాని బెలిసారియస్ సంగతి తెలిసి ఆరా తీయించి కాపలా పెంచాడు.

8వ శతాబ్దంలో 1వ హేడ్రియన్ పోప్ మరమ్మతు చేయించాడు. ఆ తర్వాత మధ్యయుగమంతా ఈ కాలువ కుంటుతూనైనా నడిచింది. అగ్రిప్పా స్నానశాలల దాకా వెళ్లే చివరి కమానుల భాగం పోయింది. నీరు ట్రెవీ దగ్గరే ఆగిపోయింది. మూడు దారులు కలిసే చోటు కాబట్టి ట్రెవీ అన్న పేరు వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట. ఒక కాలువ చివర తెగిపోయిన చోటే తర్వాత లోకప్రసిద్ధ కట్టడానికి స్థలమైంది. ఎవరూ వెతికి ఎంచుకున్న చోటు కాదది.

1453లో 5వ నికోలస్ పోప్ కాలువను బాగుచేయించి ఒక సాదా తొట్టె, మూడు నీటి ధారలు, ఒక శాసనం పెట్టించాడు. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పట్టుకునే కొళాయి లాంటిది. అసలు సలోనే ఊటల నీటిని మళ్లీ పూర్తిగా నగరానికి రప్పించే పని 1561లో మొదలై, మధ్యలో ఆగి, 1570 ఆగస్టులో ముగిసింది. ఆ తర్వాత వాస్తుశిల్పి జాకొమో డెల్లా పోర్తా చేతుల మీదుగా పోపొలో కూడలి, నవోనా, పాంథియాన్ ఎదుట, కొలోన్నా కూడలి అంటూ ఫౌంటెన్ల వరుస లేచింది. గొట్టాలు పరచిన వీధికి కొందొత్తి (నీటి గొట్టాలు) అన్న పేరు అలాగే వచ్చింది. ఇవాళ అక్కడ అమ్మేవి ఖరీదైన చేతిసంచులు.

ఈ ఫౌంటెన్లన్నీ పల్లంలో ఉండటం గమనించాలి. నీరు పల్లమెరుగు. విర్గో నీరు రోమ్ కొండల మీదికి ఎక్కలేదు. దూకే నీళ్లు కావాలంటే ఎత్తు నుంచి వచ్చే వేరే కాలువ కావాలి. బ్రాచ్చానో సరస్సు వైపు నుంచి 1612 నాటికి జనికులం కొండ మీదికి వచ్చిన ఆక్వా పావొలా అలాంటిది. సెయింట్ పీటర్స్ కూడలిలో పైకి లేచే ధారలకు బలం అదే. ఇటు స్పానిష్ మెట్ల దగ్గర పియెత్రో బెర్నిని 1627-29లో చేసిన బార్కాచ్చా పడవను చూడండి. సగం మునిగిన పడవ ఆకారం, నేల మట్టానికి దిగువన తొట్టె. ఒత్తిడి లేని వెర్జినే నీటికి అంతకన్నా మంచి జవాబు దొరకదు. ట్రెవీ కట్టడానికి వందేళ్ల ముందే పరిష్కారం అలా వీధిలో కనబడుతూనే ఉంది.

సాల్వి పరిష్కారం

8వ అర్బన్ పోప్ 1629లో జాన్ లొరెంజో బెర్నినికి ఇక్కడ కొత్త ఫౌంటెన్ అప్పగించాడు. బెర్నిని చేసిన ముఖ్యమైన పని, ఫౌంటెన్ ముఖాన్ని క్విరినాల్ భవనం వైపు తిప్పడం. 1644లో పోప్ పోవడంతో పని అక్కడితో సరి. 12వ క్లెమెంట్ పోప్ పోటీ పెట్టి, వాస్తుశిల్పి నికోలా సాల్వికి పని ఇచ్చాక 1732లో నిర్మాణం మొదలైంది. డబ్బు లాటరీ నుంచి వచ్చింది. ఆ లాటరీని 1731లో తిరిగి అనుమతించింది ఆ పోపే. సాల్వి 1751లో పోయాడు, మిగిలింది జుసెప్పె పన్నీని పూర్తిచేశాడు, 1762 మే 22న ప్రారంభం. మధ్యలో నిలబడ్డ విగ్రహాన్ని చాలామంది నెప్ట్యూన్ అంటారు. అది ఓషియానస్, పియెత్రో బ్రాచ్చి చెక్కింది. అటూ ఇటూ గూళ్లలో ఉన్న సమృద్ధి, ఆరోగ్యం విగ్రహాలు ఫిలిప్పో డెల్లా వల్లెవి.

సాల్వికి చేతిలో ఉన్న పదార్థాలు: ఒక భవనం గోడ, తక్కువ మట్టంలో బోలెడంత నీరు, నగరానికి తూర్పున తివోలి దగ్గర గనుల నుంచి వచ్చే ట్రావర్టీన్ రాయి. ధార పైకి లేవదు. ఏ గొట్టం నోటి నుంచైనా నీరు తాను బయల్దేరిన మట్టానికి మించి ఎగరదు, గొట్టంలో రాపిడి వల్ల ఇంకా తక్కువే ఎగురుతుంది. కాబట్టి ఎత్తును రాతితో సంపాదించాడు: పోలి భవనం ముందు గోడనే నేపథ్యంగా తీసుకుని 26 మీటర్లు లేపాడు. నీటికి కావాల్సిన పతనాన్ని మాత్రం కిందికి తవ్వి తెచ్చుకున్నాడు. తొట్టెను ఎంత లోతుకు దింపితే అంత ధార దక్కుతుంది.

అదీ చాలదు. మిగిలిన ఆ కొద్ది ఎత్తునూ ఒకేసారి ఖర్చుపెట్టకుండా ముక్కలు చేశాడు. నునుపైన మెట్ల మీద నీరు అద్దం రేకులా జారిపోతుంది, చప్పుడు ఉండదు. గరుకైన బండలకు తగిలితే చీలి, తెల్లగా నురుగై, గోల చేస్తుంది. సాల్వి బండల గుట్టంతా కొండరాళ్లలా చెక్కించింది ఇందుకే. అందులో దాదాపు ముప్పై రకాల మొక్కలు కూడా రాతిలోనే ఉన్నాయి. నీరు చాలా చోట్ల నుంచి బయటపడుతుంది, ఒక్కోచోట కొంచెం కొంచెంగా. దూరం నుంచి చూసేవాడికి ఒక నది విరుచుకుపడుతున్నట్టు ఉంటుంది. పక్క వీధి మలుపు తిరగకముందే చప్పుడు వినిపిస్తుంది. తక్కువ ఎత్తుతోనే ఇంత నీటి హోరు చూపించడంలో ఇంతకన్నా తెలివైన పని యూరప్‌లో అరుదు.

అయితే నీటిని చీల్చి, గాలి కలిపి, గరుకు రాతి మీద పలచగా పరచడం వల్లే ఆ రాతికి జబ్బు పట్టుకుంది.

రాయి ఎలా పాడవుతుంది

ఊట నీటిలో సున్నపు లవణం బైకార్బనేట్ రూపంలో కరిగి ఉంటుంది. దాన్ని కరిగిన స్థితిలో నిలిపేది నీటిలోని బొగ్గుపులుసు వాయువు. నీరు చిందినప్పుడు ఆ వాయువు గాలిలోకి పోతుంది. సున్నం విడివడి రాతికి పట్టుకుంటుంది. గీజరు కడ్డీకి పట్టే తెల్ల పెచ్చూ ఇలాంటిదే, అక్కడ వేడి చేసే పనిని ఇక్కడ చిందడం చేస్తుంది. రోమ్ నీళ్లలో వెర్జినే నీరు సున్నం తక్కువగా ఉన్నదిగా పేరుపడింది. అయినా రెండున్నర శతాబ్దాలు ఆగకుండా పడితే పెచ్చు కడుతుంది. ఎక్కువగా పట్టేది నీరు విడిపోయే అంచు పెదవి మీద. పెదవి మందం పెరిగితే నీరు దారి మార్చుకుంటుంది. అప్పటిదాకా తడవని పక్క రాయి తడుస్తుంది, తడవాల్సింది ఎండుతుంది. తడి ఆరే సరిహద్దు దగ్గరే రాయికి అసలు ముప్పు. ఎప్పుడూ నీటిలో ఉన్నదీ బాగానే ఉంటుంది, ఎప్పుడూ పొడిగా ఉన్నదీ బాగానే ఉంటుంది.

ట్రావర్టీన్ నిండా రంధ్రాలు. అది ఒకప్పుడు ఊట నీటి సున్నం పేరుకునే పుట్టిన రాయి, కాబట్టి ఫౌంటెన్ మీద పేరుకునే కొత్త సున్నానికీ దానికీ రసాయనంగా తేడా లేదు. శుభ్రం చేసేవాడికి తలనొప్పి ఇదే: పెచ్చును కరిగించే ఏ ఆమ్లమైనా రాయినీ కరిగిస్తుంది. మన ఇళ్లలో పరిచే తాండూరు, బేతంచర్ల బండలు కూడా సున్నపురాయే. బాత్రూము యాసిడ్ పడ్డ చోట మెరుపు పోయి గరుకు తేలేది ఇందుకే. రంధ్రాల్లో నాచు, నల్లటి పాచి పడతాయి. వాటి వేళ్లలాంటి పోగులు లోపలికి దిగుతాయి కాబట్టి బ్రష్‌తో తోమితే పైది మాత్రమే పోయి వారాల్లో తిరిగి వస్తుంది.

వాన తగలని కార్నిస్ (గోడ పైన ముందుకు పొడుచుకొచ్చిన అంచు) అడుగున వేరే రోగం. వాహనాల పొగలోని గంధకం, తేమ, సున్నపురాయి కలిసి జిప్సం తయారవుతుంది; మసి అందులో ఇరుక్కుని నల్లటి పెచ్చు కడుతుంది. వాన పడే చోట అదే జిప్సం కరిగి కొట్టుకుపోతుంది, రాయి తెల్లగానే కనిపిస్తుంది గానీ ప్రతి ఏడూ కొంచెం అరుగుతుంది. రాళ్లను పట్టి ఉంచే ఇనుప బందులు తుప్పుపడితే తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. రాయి లోపలి నుంచే పగులుతుంది. బయటికి కనబడే మొదటి గుర్తు, ఒక అతుకు దగ్గర వెంట్రుక వాసి గీత, దాని పక్కన గోధుమరంగు మరక.

2012 ఫిబ్రవరిలో రోమ్‌లో అరుదుగా పడే మంచు గట్టిగా పడింది. పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి ఉబ్బింది. ఆ జూన్‌లో కార్నిస్ అలంకరణ ముక్కలు రాలాయి. కింద ఎప్పుడూ వందల మంది నిలబడే చోటు కావడంతో అప్పటిదాకా వాయిదా పడిన పెద్ద మరమ్మతు ఇక తప్పలేదు.

పని వరుస

ఇలాంటి రాతి ఫౌంటెన్ మీద పని ఏ వరుసలో సాగాలో ఇక్కడ వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఎక్కువ నష్టం వరుస తప్పడం వల్లే జరుగుతుంది.

నీరు తీసేసి ఆరబెట్టాక ముందు చేయాల్సింది పటం. ప్రతి రాయినీ గీసి, దాని మీద సున్నం, నాచు, నల్ల పెచ్చు, పగులు, పాత అతుకు అంటూ వేర్వేరు గుర్తులు పెడతారు. తేలికపాటి సుత్తితో తట్టి డొల్ల మోత వచ్చే చోట్లు గుర్తిస్తారు. ఊడేలా ఉన్న ముక్కలను శుభ్రం చేయకముందే నిలబెట్టాలి: పలచటి గుడ్డ అతికించి, వెనక ఖాళీల్లోకి పలచటి సున్నపు ముద్ద (గ్రౌట్) సూదితో ఎక్కించాలి. ముందు కడిగి తర్వాత అతికిద్దాం అనుకుంటే ఆ ముక్క కాలువలో దొరుకుతుంది.

రెండోది జీవనాశిని. క్వాటర్నరీ అమోనియం రకం మందు నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ల ద్రావణంగా పూసి, కొన్ని రోజులు వదిలేసి, నాచు చచ్చి గోధుమరంగుకు తిరిగాక మెత్తటి బ్రష్‌తో తీస్తారు. బతికున్న నాచును తోమితే బీజాలు తడి రాతంతా పాకుతాయి. బ్లీచింగ్ వాడితే తక్షణం తెల్లబడుతుంది, కానీ రంధ్రాల్లో ఉప్పు మిగిలి ఎండినప్పుడు స్ఫటికాలై రాయిని లోపలి నుంచి పొడి చేస్తుంది.

నల్ల పెచ్చుకు మొదట పొగమంచులా చిమ్మే నీరు, గంటల తరబడి. లొంగనిదానికి అమోనియం కార్బనేట్ పట్టీ: కాగితపు గుజ్జులో 5 నుంచి 20 శాతం ద్రావణం కలిపి సెంటీమీటరు మందాన పెట్టి, పైన ప్లాస్టిక్ కప్పి, కొన్ని గంటలు ఉంచాలి. ఎంత గాఢత, ఎంత సేపు అన్నది అరచేతి వెడల్పు చోట పరీక్షించాకే నిర్ణయం. జిప్సం తిరిగి సున్నంగా మారుతుంది, మిగిలే అమోనియం సల్ఫేట్ నీటిలో కరుగుతుంది. దాన్ని పూర్తిగా కడగకపోతే నెల తిరక్కుండా తెల్లటి ఉప్పు పూస్తుంది. రాగి, కంచు గొట్టాల దగ్గర ఈ పట్టీ పెట్టకూడదు. అమోనియా రాగిని కరిగించి నీలి మరకను రాతిలోకి ఇంకా లోతుకు తోస్తుంది.

సున్నపు పెచ్చును ఉలి, స్కాల్పెల్, అల్ట్రాసౌండ్ పనిముట్లతో పొర పొరగా తీస్తారు. చివరి పలచటి పొరను వదిలేయడం మంచిది. సాల్వి కాలం ఉలి గీతలు దాని కిందే ఉంటాయి, పూర్తిగా తీయబోతే అవీ పోతాయి. తుప్పు బందులు తీసి స్టెయిన్‌లెస్ స్టీలు లేదా టైటేనియం పెడతారు. పగుళ్లకు నీటిలో గట్టిపడే సున్నం, పైపూతకు సున్నపు ముద్దలో ట్రావర్టీన్ పొడి. సిమెంటు వద్దు. అది రాయి కంటే గట్టిది, తేమను బయటికి పోనివ్వదు, దానిలోని లవణాలు పక్క రాతిలోకి పోతాయి. పదేళ్లకు సిమెంటు నిక్షేపంగా ఉంటుంది, దాని చుట్టూ రాయి ఉండదు. నీటిని తిప్పికొట్టే సిలోక్సేన్ పూత పై గోడకూ విగ్రహాల పొడి భాగాలకూ మాత్రమే. ఎప్పుడూ తడిసే బండలకు వేస్తే పూత వెనక నీరు చిక్కుకుని పెచ్చులూడుతుంది.

2014 జూన్ నుంచి 2015 నవంబర్ 3 దాకా సాగిన మరమ్మతుకు ఫెండి అన్న ఫ్యాషన్ సంస్థ సుమారు 22 లక్షల యూరోలు ఇచ్చింది. పని సాగినన్నాళ్లూ ఎండిన తొట్టె మీద ఒక నడకదారి వేసి జనాన్ని దగ్గరికి రానిచ్చారు. పర్యాటక స్థలాన్ని ఏడాదిన్నర మూసేయడం కంటే ఇది మేలు. మరమ్మతు చూపించడమే ఒక ఆకర్షణ అయింది. వందకు పైగా ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. పాత దీపాల వేడి తగ్గడం కూడా రాతికి లాభమే, ఎందుకంటే వెచ్చటి తడి చోటు నాచుకు ఇష్టం.

తిరిగే నీరు, పడే నాణేలు

పాత కాలువ చుట్టూ తూర్పు శివార్లు పెరిగాక దాని నీరు తాగడానికి పనికిరాకుండా పోయింది. తాగునీటికి 1930ల్లోనే ఒత్తిడితో నడిచే కొత్త వెర్జినే గొట్టపు మార్గం వచ్చింది. పాతది ఫౌంటెన్లకూ తోటలకూ మిగిలింది. 1998 మరమ్మతులో ట్రెవీకి నీటిని తిప్పి వాడే పంపులు పెట్టారు.

పంపులతో నీరు మిగులుతుంది, కానీ కొత్త లెక్క మొదలవుతుంది. ఆవిరైపోయేది నీరు ఒక్కటే, సున్నం తొట్టెలోనే ఉంటుంది. తొట్టె మొత్తం నీరు ఒకసారి ఆవిరై, అంత కొత్త నీరు చేరితే లవణం రెట్టింపు అయినట్టు. అందుకే కొంత నీటిని క్రమం తప్పకుండా బయటికి వదిలి తాజా నీరు కలపాలి. పొదుపు పేరుతో ఆ వదలడం ఆపిన చోట పంపు చక్రాలకూ నాజిళ్లకూ సున్నం పట్టి ధారలు ఒక్కొక్కటే సన్నబడతాయి. వడపోత జల్లెడలకు రెండో శత్రువు నాణేలు. 2016లో ఏరిన నాణేల విలువ సుమారు 14 లక్షల యూరోలు. అది కారితాస్ సేవా సంస్థకు వెళ్తుంది. యూరో సెంట్లలో 1, 2, 5 విలువ గలవి రాగి పూత వేసిన ఉక్కు. గీత పడితే నీటిలో తుప్పు పట్టి తొట్టె అడుగున గుండ్రటి ఎర్ర మరక మిగులుస్తాయి. తరచూ ఊడవాల్సిన అవసరం డబ్బు కోసం మాత్రమే కాదు.

బయటి నుంచి వచ్చే దెబ్బలు వేరు. 2007లో ఒక ప్రైవేటు గ్యారేజీ తవ్వకం పనుల్లో పాత కాలువకు అడ్డం పడి ఫౌంటెన్లకు వచ్చే నీరు తగ్గింది. రెండు వేల ఏళ్ల కాలువ ఎక్కడ పోతుందో తవ్వేవాడి పటంలో ఉండాలన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. పిన్చో కొండ మీది గుండ్రంగా తిరుగుతూ దిగే మెట్ల దారి లాంటివి ఉన్నాయి కాబట్టే లోపలికి దిగి తనిఖీ చేయగలుగుతున్నారు. అదే ఏడు అక్టోబరులో ఒకరు ఎర్రరంగు పోశారు. 2023 మేలో వాతావరణ ఉద్యమకారులు నీటిలో కలిపిన బొగ్గుపొడి పోశారు. మూడు లక్షల లీటర్ల నీరు పారబోయాల్సి వస్తుందని మేయర్ చెప్పారు. ఇలాంటప్పుడు మొదటి పని పంపు ఆపడం. పంపు నడుస్తుంటే రంగు పై బండల దాకా ఎక్కి ప్రతి రంధ్రంలోకీ చేరుతుంది. ఆపితే అది తొట్టెలోనే, కడగగలిగిన చోటే ఉంటుంది. తర్వాత రంగు ఎండకముందే ఖాళీ చేసి కడగాలి.

2024 శరదృతువులో మళ్లీ నీరు తీసి శుభ్రం చేశారు, ఖర్చు సుమారు 3.27 లక్షల యూరోలు. 2015లో అంత పని జరిగాక తొమ్మిదేళ్లకే సున్నమూ నాచూ మరమ్మతు స్థాయికి వచ్చాయి. డిసెంబర్ 22న తెరిచినప్పటి నుంచి నీటి అంచుకు ఒకసారి 400 మందినే దింపుతున్నారు. సాల్వి తవ్వి దింపిన ఆ అంచు ఇరుకైనది. మెట్ల రాయి అరుగుతున్నదీ, జనం కూర్చుని పానీయాలు ఒలికించేదీ అక్కడే.